రెండో గీత

తన మేడ మీది గదిలో అద్దెకున్నవాడికి ఏదో రోగం ఉందని ఎదురింటి పిన్ని కుట్టు షెడ్డు ఓనరమ్మ చెవిలో ఊదిపోయింది. మూడు నెలలకోసారి ఆస్పత్రికి వెళ్తాడట. మోచేతి మడతలో దూది పెట్టుకుని గుట్టుగా మెట్లెక్కుతాడట. ఏమైందయ్యా అంటే నవ్వి ఊరుకుంటాడట.

ఓనరమ్మ చేతిలో పని ఆపేసింది. అతను తన షెడ్డులోనే కటింగ్ మాస్టరు మరి.

ఆమె భయం ఆమెది. ఆరేళ్ల కూతురు చిట్టికి ఒంట్లో రక్తం నిలవని జబ్బు. నెలనెలా ఎక్కించాలి. గ్రూపు ఓ నెగటివ్, దొరకడమే గగనం. ఆ పిల్ల బడి వదలగానే షెడ్డుకొచ్చి, మాస్టరు బల్ల కింద గుడ్డపీలికలతో ఆడుకుంటుంది.

సూదులు గుచ్చుకునే పని కదా అని ఆ వారమే హెపటైటిస్ బి పరీక్షలు చేసే ఆయన షెడ్డుకొచ్చాడు. అందరి వేళ్లూ గుచ్చి, చుక్క చుక్క వేసి, కటింగ్ బల్ల మీద కార్డులు వరసగా పరిచాడు.

"ఒక గీతొస్తే లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. ఇరవై నిమిషాల్లోపే చూసెయ్యాలమ్మా."

"చూద్దురుగాని. ముందు అన్నం తినండి, చల్లారిపోతోంది," అంది ఓనరమ్మ.

తిన్నాక వదల్లేదు. చిట్టి రిపోర్టులన్నీ ముందేసి, ఉన్న సందేహాలన్నీ అడిగింది. లేచేసరికి గంట దాటింది.

అన్నిట్లోనూ ఒకటే గీత. మాస్టరు కార్డులో మాత్రం రెండోది కూడా, వెంట్రుకంత సన్నగా, ఉందా లేదా అన్నట్టు.

"ఆలస్యంగా చూస్తే ఇలాంటి దొంగ గీతలు తేల్తాయి. ఇంకో కార్డు వేద్దాం, ల్యాబుకీ పంపుదాం," అన్నాడాయన.

"గీత గీతే. సన్నగా ఉంటే రోగం కాకుండా పోతుందా?"

"నాకే రోగమూ లేదమ్మా. ఇంకోసారి చూడమనండి," అన్నాడు మాస్టరు.

"మరి ఆస్పత్రి చుట్టూ ఎందుకు తిరుగుతున్నావు?"

అతను నేల చూపులు చూశాడు. "చెప్పుకునేంత పనేం కాదమ్మా."

"పసిపిల్ల తిరిగే చోట రోగం దాచుకుని పనిచేస్తావా? నువ్వు మనిషివేనా?"

మిషన్ల ముందు కూర్చున్నవాళ్లు ఒక్కరూ తలెత్తలేదు. అతను కత్తెర తుడిచి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అతను వెళ్లాక ఓనరమ్మ ఆ కత్తెరని వేడినీళ్లలో మరగబెట్టింది. గది ఖాళీ చేయించే పని పిన్ని చూసుకుంది.

చిట్టికి రక్తం ఎక్కించే రోజొచ్చింది. బ్లడ్ బ్యాంకు కిటికీ వెనకున్న ఉద్యోగి పెదవి విరిచాడు.

"లేదమ్మా."

"లేదంటే ఎలాగండీ? పిల్ల పెదాలు చూడండి, సున్నం కొట్టినట్టున్నాయి. ఏడాదిగా ఇస్తున్నారు కదా."

"ఇచ్చేది నేనా? ముగ్గురు మనుషులు వంతులేసుకుని ఇస్తున్నారు. ఈ నెల వంతు వాడు రానన్నాడు. పిలవకుండానే వచ్చేవాడు పాపం. ఎవరో పసిపిల్లకని తెలుసు, ఏ పిల్ల అని కూడా ఎన్నడూ అడగలేదు."

"ఎందుకు రాడట? నేనొచ్చి కాళ్లు పట్టుకుంటాను."

"తన రక్తంలో రోగముందట, గీత కళ్లారా చూశాడట. తెలిసి తెలిసి పసిపిల్లకెలా ఇస్తానండీ అంటాడు. ప్రతిసారీ పెద్ద మిషన్ మీద పరీక్షించే తీసుకున్నాం, నీకేం లేదయ్యా అని మొత్తుకున్నా వినడే. కటింగ్ మాస్టరులే. ఏదో షెడ్డులో కార్డు పెట్టి చూసి, నువ్వు మనిషివేనా అని వెళ్లగొట్టారట. ఊరే వదిలిపోయాడు."

ఓనరమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది. చిట్టి ఆమె కాళ్లకి ఆనుకుని నిలబడింది.

"ఎవరండీ... వెళ్లగొట్టింది?" అంది.

"ఎవరైతేనేం. మీ పిల్ల ఒంట్లో తిరుగుతున్నది ఆ మనిషి రక్తమేనమ్మా. వాళ్లు నాక్కనబడితే అడుగుతాను, మీరు మనుషులేనా అని."