పొక్లెయిన్ ముందు మనిషి

"లేచిందా?"

"లేదు సార్. బకెట్‌కు ఎదురుగానే కూర్చుంది."

పొద్దుట్నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేయడం ఇది ఐదోసారి. ఆపరేటర్ పొక్లెయిన్ కేబిన్‌లో కాళ్ళు చాపుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వేడెక్కిన సీసాలోంచి రెండు గుక్కలు తాగాడు.

"మెల్లగా ముందుకు పోనియ్యి. భయపడి తనే లేస్తుంది."

"నలభై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి సార్. ఆవిడకేం భయం, నాకే భయం."

"అయితే పక్కనుంచి తిప్పు."

"పక్కనంతా బురద. దిగబడితే లాగడానికి ఇంకో బండి కావాలి."

సూపర్‌వైజర్ ఫోన్ పెట్టేశాడు. అతనికి విసుగు రావడం న్యాయమే. కుంట పూడ్చడానికి ఇచ్చిన పర్మిషన్ ఆ సాయంత్రం ఐదింటితో అయిపోతుంది. ఈలోగా ఒక్క బకెట్ మట్టి కుంటలో పడినా పని మొదలైనట్టే. పడకపోతే మళ్ళీ మొదటి నుంచి అర్జీలు, విచారణలు. అదీ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటేనే. సూపర్‌వైజరేమో నాలుగు గంటల ప్రయాణమంత దూరంలో మరో సైటులో ఇరుక్కుపోయాడు. కంపెనీ మనిషంటూ ఇక్కడున్నది ఆపరేటర్ ఒక్కడే. ఐదు దాటితే తాళంచెవి ఆఫీసులో పడేసి ఇంటికి పొమ్మని అతనికి పొద్దున్నే చెప్పేశారు.

నిరసన మొదలై మూడు నెలలు దాటింది. మొదట్లో నలభై మంది వచ్చేవాళ్ళు. పాటలు, అట్టల మీద నినాదాలు, మధ్యాహ్నం అందరికీ టీ. చేతులు పట్టుకుని కుంట చుట్టూ నిలబడితే ఫోటోలు తీయడానికి పేపరువాళ్ళు కూడా వచ్చారు. తరవాత లెక్చరర్‌కు పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది. టైలర్‌కు సీజనొచ్చింది. మందుల షాపాయన మోకాళ్ళ నొప్పులన్నాడు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ఎన్నాళ్ళని కూర్చుంటారు? చివరికి రిటైరైన నర్సు ఒక్కతే మిగిలింది. తొమ్మిదింటికల్లా ఆకుపచ్చ చీరలో వచ్చి, మడతకుర్చీని సరిగ్గా బకెట్ పళ్ళ ముందు వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చునేది. ఆపరేటర్ సిగరెట్ వెలిగించబోతే, "ఊపిరితిత్తులు నీవే బాబూ, గాలి మాత్రం నాది కూడా," అనేది. అతను ఆర్పేసేవాడు.

పది రోజుల కిందట ఒక సాయంత్రం ఆవిడ, ఇప్పటిదాకా ఎన్ని కుంటలు పూడ్చావని అడిగింది. అతను వేళ్ళు మడుస్తూ పోయి, రెండో చేతికి వచ్చాక ఆపేశాడు. వాటిలో ఒకటి తన వీధికి ఎగువన ఉండేదని మాత్రం చెప్పాడు. అది పోయినప్పట్నుంచి వానొస్తే నీళ్ళు తన ఇంట్లోకే వస్తున్నాయని, మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి పిల్లలను పడుకోబెడుతున్నామని చెప్పలేదు. ఆవిడ కుర్చీ మడుస్తూ, "అలసిపోయాను బాబూ. ఒంట్లో సత్తువ ఉండటం లేదు," అంది.

"నాకూ అలాగే ఉందమ్మా," అన్నాడతను.

మూడింటికి మళ్ళీ ఫోన్ మోగింది. పైవాళ్ళకు చూపించాలి, ఫోటో పంపమన్నాడు సూపర్‌వైజర్. ఆపరేటర్ రోజూలాగే ఫోన్‌లో ఉన్నదొకటి పంపాడు.

"రోజూ అదే చీరేమిటయ్యా?"

"డెబ్బై ఏళ్ళ మనిషి సార్. మన కోసం ముస్తాబై వస్తుందా?"

సూపర్‌వైజర్ పోలీసులను పంపుతానన్నాడు. పంపమనే అన్నాడు ఆపరేటర్. కాకపోతే పోయినసారి లాగిపడేసినప్పుడు ఎవరిదో చెయ్యి విరిగి, కంపెనీ పేరు పేపర్లోకి ఎక్కిందని గుర్తు చేశాడు. పోలీసుల ప్రసక్తి మళ్ళీ రాలేదు.

నాలుగున్నరకు సూపర్‌వైజర్ గొంతు మారిపోయింది. "ఒరే నాయనా, నీతో పాటు నా ఉద్యోగమూ పోతుంది. కాళ్ళు పట్టుకుంటావో, గడ్డమే పట్టుకుంటావో, లేపు."

ఆపరేటర్ అద్దంలోంచి చాలాసేపు ముందుకు చూశాడు.

"కదలదు సార్," అన్నాడు.

ఐదైంది. ఐదూ ఐదుకు మోగిన ఫోన్ అతను ఎత్తలేదు. అది ఆగాక భార్యకు చేసి, రేపట్నుంచి ఇంట్లోనే ఉంటానని చెప్పాడు. ఏమైందని ఆమె అడిగితే వచ్చాక చెబుతానన్నాడు. తాళంచెవి తీసి జేబులో వేసుకుని, నడుం పట్టుకుని మెల్లగా కిందికి దిగి, బకెట్ ముందుకు వెళ్ళి నేలమీద కూలబడ్డాడు.

తొమ్మిది రోజులుగా అక్కడ ఎవరూ కూర్చోలేదు.