తెగిన పోగు

కొత్త నిద్రమాత్రల పరీక్షకు పేరిచ్చిన నాటి నుంచి చౌడయ్యకు హాయిగా నిద్ర పడుతోంది. పైగా, తెల్లారి లేచేసరికి మగ్గం మీద గుడ్డ మూరెడు పెరిగి ఉంటోంది.

నెల ముగిసిన రోజున ఆ పరీక్ష జరిపే డాక్టరమ్మ చౌడయ్య ఊరు అత్తిమంజేరిపేటకు వచ్చింది.

“మాత్ర శానా మంచిదమ్మా. నిద్రలోనే లేసి నేస్తా ఉండాను,” అన్నాడు చౌడయ్య మురిసిపోతూ.

ఆమె అతని నంబరు కవరు సీలు విప్పి చూసి నవ్వింది. “కొందురికి మందు, కొందురికి ఉత్త పిండి ఇచ్చినాము. నీకొచ్చింది పిండి, అయ్యా.”

ఆ రాత్రి చౌడయ్య మెలకువగా పడుకున్నాడు. దీపం ఆర్పగానే మగ్గం ఆడసాగింది.

“కన్నియమ్మా, మగ్గంలో ఎవురే?”

పక్కనే ఉన్న భార్య ఆవలించింది. “దినామూ నేసేవాళ్లే గదా. పండుకో మామా.”

మగ్గం దెబ్బ తన చేతికన్నా సమంగా పడుతోంది. ఎవరైతేనేం అనుకుని తృప్తిగా కళ్లు మూశాడు.

అంతలో మగ్గం ఆగింది. పోగు తెగినట్టుంది. దాన్ని అతకాలంటే ఏ నేతగాడైనా వేలిని నాలుకకు అద్దుకోవాల్సిందే.

చీకట్లో ఒక చల్లని, పొడి వేలు చౌడయ్య పెదవులను తట్టింది. అతను నోరు తెరిచాడు. వేలు నాలుక మీద తడి చేసుకుని వెళ్లిపోయింది.

మగ్గం మళ్లీ మొదలైంది.