ఐదో మెట్టు

"మీ ఊళ్ళో ఇంటి ముందు మెట్లెన్ని తల్లీ?"

తన కూతుర్ని తెల్లజుట్టు మోక్ అవ్వ ఇలా అడగడం కమ్ హో చూసింది. పరుగున వచ్చి పిల్ల రెక్క పట్టి లాగింది.

"మా మెట్లతో నీకేం పని? ఎక్కొస్తావా?"

పక్క మంచాల ఆడవాళ్ళు నవ్వారు.

"పిల్లల నోట కూపీలు లాగుతుంది. దొరల వేగు!" అంది ఒకామె.

కమ్ హో పిల్లని తన మంచం దగ్గరికి లాక్కుపోయింది.

శాన్‌ఫ్రాన్సిస్కో పడవలో గంట దూరం. అక్కడ భర్తకి ఎండుచేపల కొట్టుంది. కానీ అమెరికాలోకి చైనావాళ్ళని రానివ్వకూడదని చట్టం. వర్తకుడి పెళ్ళాం బిడ్డలైతే వదులుతారు. అదీ తల్లినీ బిడ్డనీ విడివిడిగా ప్రశ్నించాక. ఒక్క జవాబు తేడా వచ్చిందా, దొంగ తల్లి, దొంగ బిడ్డ. తిరుగు ఓడే.

అందుకే ఈ దీవిలో ఏడు వారాలుగా బందీలు.

మర్నాడు కమ్ హో బట్టలుతుకుతుంటే అవ్వ ఒంటరిగా వచ్చింది.

"మెట్లెన్నమ్మాయ్?"

"నాలుగు! పోయి చెప్పుకో!"

"నీ కూతురు ఐదంటోంది."

"చిన్నపిల్ల. నేను దిద్దుకుంటాలే."

"దిద్దకు. భయంలో పిల్ల నోటికి పాతదే వస్తుంది. నువ్వే ఐదు అను."

ఇరికించడానికే ఈ మాట! కమ్ హో ఆమె కాళ్ళ ముందు ఉమ్మింది.

అవ్వ ఆమె కళ్ళలోకి అలా చూసి వెళ్ళిపోయింది.

పిల్లకి నాలుగని చెప్పుకునేలోపే దొరల నుంచి పిలుపొచ్చింది. ముందు పిల్లని తీసుకుపోయారు. గంటకి కమ్ హోని.

పెళ్ళి తేదీ అడిగారు. బియ్యం జాడీ ఎక్కడుందన్నారు. అన్నీ చెప్పింది.

"ఇంటి ముందు మెట్లెన్ని?" అన్నాడు దుబాసీ.

నాలుక మీద నాలుగే ఉంది. అవ్వ చూసిన ఆ చూపు గుర్తొచ్చింది.

"ఐదు."

సాయంత్రానికి వాళ్ళ విడుదల కాగితం మీద ముద్ర పడింది.

"మెట్లు నాలుగే కదే?" కూతుర్ని అడిగింది కమ్ హో.

"గడప కూడా ఎక్కుతాం కదమ్మా! ఎవరేమన్నా మార్చొద్దంది అవ్వ."

కమ్ హో గదిలోకి పరుగెత్తింది. అవ్వ మంచం ఖాళీగా ఉంది.

"అప్పీలు పోయిందట. మధ్యాహ్నం ఓడెక్కించారు." నిన్న వేగు అన్న ఆమే తల వంచుకుని చెప్పింది. "ఆమె నిజంగా అవ్వ కాదే. నీ ఈడుదేనట. మూట కట్టుకుంటూ చెప్పింది."

"ఏం చెప్పింది?"

"ఏడాది కింద ఈ మంచం మీదే జ్వరంతో పోయిందట ఆమె కూతురు... దొరల ముందు తల్లి నాలుగంటే, గడపతో కలిపి ఐదన్న పిల్ల."