కుట్టని తేనెటీగలు

పూలమీద మర ఈగలు వాలితేనే తోటలు కాపు కాస్తున్న రోజులవి. అసలు తేనెటీగలు మిగిలింది తమ పెట్టెలోనేనని దేవులమ్మ అరకు సంతలో అందరికీ చెప్పుకునేది. ఈ మధ్య ఆమెకు అనుమానం పట్టుకుంది.

పెట్టెమీద వరసగా పరిచిన చెక్క పట్టీల్లో ఒకదాన్ని పైకెత్తింది. దానికి వేలాడుతున్న తేనెపట్టు గీత గీసినట్టు తిన్నగా ఉంది. నిరుడు ఈగలు పట్టును వంకరగా కట్టి పక్క పట్టీకి అతికిస్తే, కోసి విడదీసేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"నెల్లాళ్లయినాది, ఒక్కటీ కుట్టనేదు. ఎవుడో మన ఈగల్ని మార్చీసినాడు మావా," అంది.

"తేనె తియ్యగానే ఉంది కదేటి," అన్నాడు భర్త సుక్రు. "కుట్టకపోయినా నీకు ఏడుపేనా?"

అంతలో ఒక ఈగ ఆమె మణికట్టుమీద కుట్టింది. కళ్లలో నీళ్లు తిరిగినా దేవులమ్మ మొహం విప్పారింది.

"సూసినావా, అసలువే," అని నవ్వాడు సుక్రు.

కుట్టిన తేనెటీగ ముల్లును ఒంట్లోనే వదిలేసి చచ్చిపోతుంది. ఆ ముల్లును గీకెయ్యడానికి దేవులమ్మ గోటితో వెతికింది. ముల్లు లేదు. కుట్టిన ఈగ పెట్టె అంచున వాలి, ఆమెవైపే తిరిగి రెక్కలు సర్దుకుంటోంది.

"మెల్లగా మాటాడు మావా," అంది దేవులమ్మ. "ఇవి వింటన్నాయి."