వెనకబడ్డవాడు

ఆ ఉదయం నా ప్రార్థన ముగిసేసరికి తమ్ముడు కాఫీ సగం వదిలేసి, గడప మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. చిన్ననాటి స్నేహితులతో పాత కోట నడిచి చూడాలని ప్రయాణం.

వాళ్ళకో నియమం. వెనకబడ్డవాడి కోసం ఎవరూ వెనక్కి పోరు. తర్వాతి ద్వారం దగ్గర కూర్చుని, వాడొచ్చేదాకా వాడి మీద జోకులేస్తారు.

"ఆ పొట్టతో ఇవాళా నువ్వే ఆఖరు," అన్నాను.

"వాళ్ళకీ కాలక్షేపం కావాలిగా అక్కా."

ఆ రోజూ వాడు రాకపోతే, స్నేహితులు తర్వాతి ద్వారం దగ్గర చాలాసేపు నవ్వుకుంటూ కూర్చున్నారట. చివరికి దారినపోయేవాళ్ళు చెబితే పరిగెత్తారు. తమ్ముడు మెట్ల మీద పడి ఉన్నాడు.

ఆసుపత్రిలో వాడి స్నేహితుడు నా చేతులు పట్టుకున్నాడు. "అప్పుడే వెనక్కెళ్ళుంటే బతికేవాడా అక్కా?"

బతికేవాడేనని డాక్టరు అప్పటికే నాతో అన్నాడు.

పడగానే ప్రాణం పోయిందని వాడి స్నేహితులకు చెప్పాలని, ఆ సాయంత్రం ఇంట్లో అందరం దేవుడి ఎదుటే అనుకున్నాం.