వాడి పేరు పిలవరు

"మీవాడి పేరు పిలవరమ్మా."

క్లబ్బు గదిలో నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

అప్పటిదాకా అందరిదీ ఒకటే గోల. వచ్చే వారం పెద్ద జట్లు కొత్త కుర్రాళ్ళని పేరు పిలిచి తీసుకునే ఫుట్‌బాల్ డ్రాఫ్టులో డార్సీని ఏ జట్టు ఎంచుకుంటుందని. మెల్‌బోర్న్ వాళ్ళు ఎగరేసుకుపోతారని ఒకరు, అడిలైడ్ వాళ్ళు వదలరని ఇంకొకరు.

డార్సీ తల్లి గ్లెనిస్ సాసేజీల పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది.

గుమ్మంలో ఎల్విన్. సన్నగా, పొడుగ్గా, టోపీ చేత్తో పట్టుకుని.

కొన్నేళ్ళ కిందట ఎక్కడినుంచో ఈ గోధుమల ఊరికి వచ్చి కారవాన్ పార్కులో, ఒక చక్రాల బండి ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు. ప్రతి ఆటకీ వస్తాడు కానీ బంతిని చూడడు. బంతి ఎటో వెళ్ళిపోయాక, వెనక రొప్పుతూ నిలబడ్డ కుర్రాళ్ళనే రెప్ప వెయ్యకుండా చూస్తాడు.

నిరుడు ఈ ఊరి కుర్రాడే లాకీ ఎంపిక ఖాయమని పేపర్లన్నీ రాస్తే, ఇతనొక్కడే "పిలవరు" అన్నాడు. పిలవలేదు. ఎందుకో లాకీ ఇంట్లోవాళ్ళు నోరు విప్పలేదు.

అప్పట్నించీ ఎల్విన్ పక్కన ఎవరూ నిలబడరు. నాలుక మీద మచ్చ ఉందంటారు.

"ఏం చూసి అంటున్నావ్ ఆ మాట?" గ్లెనిస్ పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"వాడి గుండె డాక్టరుకి చూపించు తల్లీ."

"గుర్రంలా పరిగెడతాడు నా కొడుకు!"

"పరిగెత్తేటప్పుడు కాదు. ఆగాక చూడు."

"ఛీ, అవతలికి పో! నీ పాడు కళ్ళు నా బిడ్డ మీద పడనివ్వకు."

కోచ్ అతన్ని రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు.

మర్నాడు పరుగు ముగించిన డార్సీ ఇంటి గోడకి ఆనుకున్నాడు. వాడి పెదాలు నీలంగా కనిపించాయి. నీడేమోలే అనుకుంది గ్లెనిస్.

రెండ్రోజులకి మెల్‌బోర్న్ క్లబ్బు నుంచి ఫోను. ఇంకోసారి పరీక్షలు చేస్తాం, రమ్మని.

"చూశావామ్మా, నేనంటే ఎంత మోజో!" డార్సీ తల్లిని ఎత్తి గిరగిరా తిప్పాడు.

డ్రాఫ్టు సాయంత్రం ఊరంతా క్లబ్బు టీవీ ముందే ఉంది.

ఒక్కో పేరూ పిలుస్తున్నారు. గ్లెనిస్ ఎందుకో కిటికీ వైపు తిరిగింది.

బయట దుమ్ముగాలిలో ఎల్విన్. ప్రతి పేరుకి ముందూ అతని పెదాలు కదులుతున్నాయి. "వద్దు... వద్దు..."

ఆఖరి పేరు కూడా పిలిచేశారు. డార్సీది రాలేదు.

ఎల్విన్ నవ్వాడు. కళ్ళు తుడుచుకుని చీకట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు తల్చుకుని గ్లెనిస్ రాత్రంతా పళ్ళు నూరింది.

పొద్దున్నే క్లబ్బు డాక్టరు ఫోను చేశాడు.

"మీ అబ్బాయి గుండె గోడ మందమైపోయిందమ్మా. ఇలాగే ఆడితే ఏదో రోజు మైదానంలోనే పోయేవాడు. మా మామూలు పరీక్షల్లో బయటపడలేదు. రెండోసారి చేసినదాని ఫలితం నిన్న ఆఖరి నిమిషంలో వస్తే జట్లన్నిటికీ తెలియజేశాం. మీ ఊరాయన ఒకరు వచ్చి, మళ్ళీ చేస్తామనేదాకా మా మెట్ల మీంచి లేవలేదు. నిరుడూ ఇంకో కుర్రాడి కోసం అలాగే కూర్చున్నాడు."

గ్లెనిస్ ఫోను వదిలేసి డార్సీ పడుకున్న గదిలోకి వెళ్ళింది.

ఆపరేషనూ ఆసుపత్రీ అయ్యేసరికి క్రిస్మస్ దాటింది. డార్సీ ఇంటికొచ్చిన రోజే ఆమె కేకు చేసి కారవాన్ పార్కుకి పరిగెత్తింది.

ఎల్విన్ బండి తలుపు తెరిచే ఉంది. లోపల ఒక ముసలావిడ చొక్కాలు మడతపెడుతోంది.

"ఎల్విన్ గారు?"

"పోయినవారం నిద్రలోనే వెళ్ళిపోయాడమ్మా."

గ్లెనిస్ కేకు గడప మీద పెట్టింది.

"మీరు ఆయన అక్కగారా?"

ముసలావిడ తల అడ్డంగా ఊపింది.

"ఒకప్పుడు పెద్ద క్లబ్బుకి కుర్రాళ్ళని ఏరే మనిషి ఈయన. ఆఖరిగా ఏరింది మా అబ్బాయిని. వాడు మొదటి ఆటలోనే పడిపోయి, మళ్ళీ లేవలేదు."