పదహారు అడుగుల బల్ల

“మాస్టారూ, హాలు లోపల కొలిచారా, వీధిలో నిలబడి కొలిచారా?” అన్నాడు వడ్రంగి, చీటీ మీది అంకె మళ్లీ చూస్తూ. “హాలే పదడుగులు. బల్ల పదహారు అంటున్నారు.”

“రాసిందే చెయ్యి. ముప్ఫై ఏళ్లు కొలతల మీద బతికినవాణ్ణి,” అన్నాడు టైలరు.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న టైలరు భార్యకి భయం పట్టుకుంది. పోయిన నెల ఆయన ఒక చొక్కాకి ఎడమ చెయ్యి రెండంగుళాలు పొట్టిగా కుట్టాడు. అన్నేళ్లలో అదే మొదటిసారి. మర్నాడే షాపు మూసేశాడు. ఆ వారమే సోఫా ఎవరికో ఇచ్చేశాడు. గోడ పొడవునా ఉండే అద్దాల బీరువాని కూడా సాగనంపాడు. అడిగితే, “ఇంట్లో సామాను తగ్గాలి, గాలి ఆడాలి. ఒక్క బల్ల, రెండు బెంచీలు చాలు,” అంటాడు.

ఆమె వడ్రంగిని గేటు దగ్గర ఆపింది. “ఆయన మాట పట్టించుకోకు బాబూ. ఎనిమిదడుగులు చెయ్యి.”

“నా వల్ల కాదమ్మా. పాత గోడౌను పడగొడితే దొరికిన టేకు దూలాలు అవి. పొడవునా ఒక్క అతుకు లేదు. మేకు కొట్టను, రంగు వెయ్యను, నూనె పట్టిస్తానంతే. మీ మనవల మనవలు కూడా దాని మీదే తింటారు. అలాంటి చెక్కని నరకమంటే ఎలా?”

ఆమె లోపలికొచ్చి బోసిపోయిన హాల్లో కూర్చుంది. గోడ అవతల తోటికోడలు దగ్గింది. అన్నదమ్ములు మాటామాటా అనుకుని, తండ్రి కట్టిన ఇంటికి నడిమధ్యన ఆ గోడ లేపి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఇలాంటి దిగులు ఒకప్పుడు ఆ తోటికోడలికే చెప్పుకునేది.

ఆరు వారాలకి ఎనిమిది మంది బల్లని మోసుకొచ్చారు. చెక్కడాలు లేవు, మెరుపు లేదు. వాడిన సబ్బులా నున్నగా తేలిన అంచులు, తేనె రంగులో పారే చారలు. చూస్తే చెయ్యి వెయ్యబుద్ధయ్యేలా ఉంది. కానీ ఒక కొస గోడకి తగిలింది. రెండో కొస గుమ్మం దాటి వరండాలోనే ఉండిపోయింది. మోసేవాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు.

“ఏవండీ,” అంది ఆమె దగ్గరికొచ్చి. “ఒకసారి డాక్టరుకి చూపించుకుందామా?”

“ముందే చెప్తున్నా మాస్టారూ, చంపినా దీన్ని కొయ్యను,” అన్నాడు వడ్రంగి.

“నిన్ను కొయ్యమన్నదెవరు?”

టైలరు వడ్రంగి సంచిలోంచి సుత్తి అందుకుని గోడ మీద ఒక్కటిచ్చాడు. పెచ్చు రాలింది. రెండో దెబ్బకి ఇటుక కదిలింది.

“మీకేం పిచ్చి పట్టిందండీ? మీ తమ్ముడు ఊరుకుంటాడా?” ఆమె భర్త చెయ్యి పట్టుకుంది.

అనుకున్నంతా అయింది. మరిది విసవిసా వచ్చి వరండాలో నిలబడ్డాడు. వెనకే తోటికోడలు.

“ఏంటీ చప్పుడు?”

“బల్ల పట్టడం లేదు.”

“అయితే?”

“గోడ అడ్డం.”

మరిది బల్లని చూశాడు, గోడని చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆమె కళ్లు మూసుకుంది.

“సుత్తి ఇటివ్వు,” అన్నాడతను. “నీకు సూది తప్ప ఏం చేతనవును?”

సాయంత్రానికి గోడ లేదు. రెండు హాళ్లు ఒక్కటై ఈ కిటికీలోంచి వచ్చిన గాలి ఆ కిటికీలోంచి పోతోంది. నడుమ ఆ బల్ల. రెండు కొసల్లోనూ మనిషి నడవడానికి సరిగ్గా రెండేసి అడుగుల దారి. దుమ్ము కొట్టుకుపోయిన తోటికోడళ్లిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్నారు.

టైలరు భార్య బల్ల అంచు తడిమి చూసింది. కొలత వెంట్రుకవాసి తప్పలేదు.

“గోడ అలా ఉండగా ఈయన అవతలి వైపు ఎలా కొలిచారు?” అంది ఆశ్చర్యంగా.

మరిది తలొంచుకుని బల్ల మీది దుమ్ము తుడిచాడు.

“టేపు రెండో కొస పట్టుకున్నది నేనే వదినా.”